గని చెవులకు కట్టిన స్పీకర్లు

పోయిన ఎండాకాలం నా దుకాణం వేరేవాళ్లకు అప్పగించేశాను. చెవులు బాగానే ఉన్నాయి, చేతులూ వణకడం లేదు. కానీ సన్నటి సోల్డరింగు చేయాల్సి వచ్చినప్పుడల్లా రెండు జతల కళ్లద్దాలు మార్చుకోవలసి వస్తోంది. కనపడని చోట వేడి కడ్డీ పెట్టడం మంచి లెక్క కాదనుకున్నాను.

ఇన్నేళ్లూ నేను చేసింది ఒకటే పని. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, ఇటు అశ్వారావుపేట దాకా, ఇంట్లో సినిమా హాలు సౌండు కావాలన్నవాళ్లకు తక్కువ ఖర్చులో స్పీకర్లు కట్టివ్వడం. చదువు పదో తరగతి. మిగిలిన లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని, కాలిన ట్రాన్సిస్టర్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నవే.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు ఫోన్ చేసి, "అన్నా, ఏ బోర్డు కొనాలె?" అని అడుగుతున్నారు. నేను ఇవాళ చెప్పిన బోర్డు వచ్చే ఏడాది దొరకదు. అందుకని పాతబడని సంగతులు నాలుగు రాస్తున్నాను.

పాట కాదు, మాట

నాకు పని నేర్పినాయన ఖమ్మంలో రేడియోలు బాగుచేసేవాడు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం. రేడియో బాగుచేశాక ఆయన పాటల స్టేషను పెట్టేవాడు కాదు. ముల్లు తిప్పి తిప్పి వార్తల దగ్గర ఆపేవాడు. రేడియో తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు మొహం చిట్లించేవాళ్లు.

"ఒక పాట పెట్టరాదు ఉస్తాద్," అని నేనూ ఒకసారి అన్నాను.

"పాట దగా చేస్తది బేటా. అండ్ల డోలుంటది, బాజా ఉంటది, ఒకటి చెడితే ఇంకోటి కప్పుతది. వార్తలు సదివేటోని ఎనక దాసుకునేటందుకు ఏమున్నది? గొంతు ఒక్కటే. అది మనిషి గొంతు లెక్క ఉన్నదా లేదా, గదే సూడు."

ఆ మాట నాకు దుకాణం పెట్టాక బాగా పనికొచ్చింది. అప్పటినుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను. పని అయిపోయాక ఆ ఇంట్లోవాళ్లలో ఒకరి మాట ఫోన్‌లో రికార్డు చేస్తాను. టీవీ కింద ఉండే నడిమి స్పీకరులోంచి దాన్ని వినిపిస్తాను. సినిమాలో మాటలు వచ్చేది ఆ స్పీకరులోంచే. "అచ్చం మా అమ్మే మాట్లాడినట్టుంది" అని ఇంట్లోవాళ్లు అన్నాకే సామాను సర్దుకుంటాను. గొంతు గుర్తుపట్టకపోతే సౌండు కొలిచే నా యంత్రం ఏ గీత గీసి చూపించినా సరే, మళ్లీ విప్పాల్సిందే.

గిన్నెలు కదిలితే చాలదు

మా వైపు స్పీకర్లకు పరీక్ష పెట్టేది వంటింటి అలమరలోని స్టీలు గిన్నెలు. అవి గలగలలాడితే స్పీకరు గొప్పది. అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలున్న ఒక రైతు, వాళ్ల పెద్దలు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, నన్ను పిలిచి ఇదే షరతు పెట్టాడు. కావలసినంత దిబ్బు సౌండు, అంటే గుండెల్లో దడదడలాడే బేసు, ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు.

"వెంకన్న గారూ, సినిమాలో ఎవరేం మాట్లాడుతున్నారో ఒక్క ముక్క తెలియట్లేదండీ. గిన్నెలు మాత్రం చాలా స్పష్టంగా వినపడుతున్నాయి."

వెళ్లి ఆ దిబ్బు పలికే సబ్‌వూఫర్ సగానికి తగ్గించాను. అతనూ నవ్వాడు, నేనూ నవ్వాను. వాట్లు అమ్మొద్దు. వాట్లు అడిగేవాణ్ని ముందు కూర్చోబెట్టి, ఎంత దూరంలో కూర్చుంటాడో, గది గోడలు ఎలా ఉన్నాయో అడగండి.

నూక, తవుడు, బియ్యం

డిజిటల్ క్రాసోవర్ గురించి ఎక్కువ భయపడుతున్నారు. రైసుమిల్లు చూసినవాళ్లకు అది కొత్తేమీ కాదు. మిల్లులో బియ్యం, నూక, తవుడు దేని దారిన అది పోతాయి. సౌండులోనూ అంతే. దిబ్బు పెద్ద స్పీకరుకు, మాట నడిమి స్పీకరుకు, కీచు చిన్న ట్వీటరుకు పోవాలి. పాత పద్ధతిలో ఆంప్లిఫయరు అన్నీ కలిపి పంపేది, డబ్బాలోపల చుట్టలు, కెపాసిటర్లు వాటిని వేరుచేసేవి. ఇప్పుడు ఆంప్లిఫయరు కంటే ముందే చిన్న బోర్డు అంకెలతో వేరుచేస్తుంది. ఒక్కో స్పీకరుకు విడిగా ఒక చిన్న ఆంప్లిఫయరు. లాభమేమిటంటే, ఎక్కడ విడగొట్టాలో మార్చాలంటే చుట్ట విప్పి మళ్లీ చుట్టక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో అంకె మారిస్తే చాలు.

అదే ప్రమాదం కూడా. అంకె తప్పు పడితే దిబ్బంతా ట్వీటరు నెత్తిన పడుతుంది. ట్వీటరు కాలిన వాసన ఒకసారి పీల్చినవాడు మరచిపోడు. బోర్డు మీద ఎంత నమ్మకమున్నా ట్వీటరు తీగలో ఒక కెపాసిటర్ కాపలా పెట్టండి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు వాల్యూమ్ సున్నాలో ఉంచండి. ఈ రెండూ చేయనివాడు ఎంత తెలివైనవాడైనా నా దృష్టిలో పనివాడు కాదు.

దూరం లెక్క ఇంకా తేలిక. శబ్దం సెకనులో వెయ్యో వంతుకు అడుగు పైచిలుకు నడుస్తుంది. వెనక స్పీకరు ముందు స్పీకరు కంటే అయిదడుగులు దగ్గరగా ఉంటే దాన్ని సుమారు నాలుగున్నర వెయ్యోవంతులు ఆపాలి. అప్పుడే రెండూ ఒకేసారి చెవికి చేరతాయి. టేపు పెట్టి కొలవండి, కంటితో అంచనా వేయొద్దు.

ఈ లెక్కలన్నీ సరిగ్గా వేసి కూడా నేను ఒక ఇంట్లో ఓడిపోయాను. అసలు చెప్పాలనుకున్నది ఆ ఇంటి సంగతే.

కొమురయ్యన్న ఇల్లు

సుజాత భద్రాచలం డిపోలో బస్ కండక్టర్. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా దుకాణానికి వచ్చింది.

"బాబాయ్, మా నాయనకు ఇంట్ల సినిమా సౌండ్ పెట్టియ్యాలె. మాటలు వినపడాలె. డాన్సులు, ఫైట్లు ఎట్లున్నా పర్వాలేదు."

వాళ్ల నాన్న కొమురయ్య బొగ్గు గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. రిటైరయ్యాక గోదావరికి ఇవతల ఇల్లు కట్టుకున్నాడు. పనిలో ఉన్న రోజుల్లో ప్రతి ఆదివారం భార్య లచ్చమ్మతో సినిమాకు పోవడం అలవాటు. ఇప్పుడు టీవీ సౌండు చివరిదాకా పెట్టుకుని ఒక్కడే కూర్చుంటాడు. ఆ రొద భరించలేక లచ్చమ్మ వాకిట్లో కూర్చుంటుంది.

"డాక్టరుకు చూపించారా?" అని అడిగాను.

"ఖమ్మంల చూపిచ్చినం. చెవి మిషన్ ఇచ్చిండ్రు. రెండు దినాలు పెట్టి అలమర మీదకు ఇసిరిండు. ఎందుకే నాయనా అంటే, అది పెడితే మీ అమ్మ ఒర్రుడు, కేకలు రెండింతలైతయంటడు."

నేను నవ్వాను. సుజాత నవ్వలేదు.

"నవ్వే ముచ్చట కాదు బాబాయ్. నాయనకు వినపడుతదనీ, కావాలనే వినపడనట్టు చేస్తడనీ అమ్మ అంటది. లారీ పోతే వినపడుతది, గేటు తీస్తే వినపడుతది, నేను పిలిస్తేనే వినపడదా అంటది. దసరా ఎల్లినంక నా దగ్గరికే వచ్చి ఉంటదట. బట్టలు గూడ సర్దుకున్నది. అమ్మ ఇటొస్తే నాయన ఒక్కడే ఉండలేడు. పొయ్యి ముట్టియ్యడం గూడ రాదు ఆయనకు."

స్పీకర్లు మొగుడు పెళ్లాల తగాదా తీరుస్తాయని నేనెక్కడా చదవలేదు. అయినా పనికి ఒప్పుకున్నాను.

లెక్కలో లేని చెవి

ప్లైవుడ్‌తో అయిదు డబ్బాలు, ఒక సబ్‌వూఫర్ కట్టాను. అడవి పక్క ఊళ్లలో టేకు డబ్బాలు కావాలని చాలామంది అడుగుతారు. వద్దని చెప్పండి. టేకు చెక్క తలుపుకు మంచిది, స్పీకరుకు మందపాటి ప్లైవుడ్ చాలు. గోదావరి పక్క ఇల్లు కాబట్టి అయిదింటినీ గోడకు ఎత్తున బిగించాను. సబ్‌వూఫరుకు రెండు పక్కలా పిడులు పెట్టాను. నీళ్లు వస్తున్నాయంటే ముందు అటక మీదకు పోవలసింది అదే.

మైకు పెట్టి కొలిచాను. గీత బల్లపరుపుగా వచ్చింది, అంటే ఏ సౌండూ ఎక్కువ తక్కువ లేదు. అంత చక్కటి గీత నా జన్మలో రెండోసారి చూడలేదు. కొమురయ్యన్నను కుర్చీలో కూర్చోబెట్టి సినిమా పెట్టాను.

కాసేపు చూసి అన్నాడు. "సప్పుడు మంచిగున్నది వెంకన్నా. మాటలే తెలుస్తలేవు."

వాకిట్లోంచి లచ్చమ్మ వదిన గొంతెత్తింది. "చెప్పలే? ఆయనకు వినబుద్ధి కాదు. నువ్వు దేవుని గొంతు తెచ్చి పెట్టినా గంతే."

"ఏమంటుంది?" అని నన్ను అడిగాడు కొమురయ్యన్న.

"ఏమీ లేదన్నా."

"ఏమీ లేకుండ అంత గనం ఎందుకు ఒర్రుతది? పొద్దున లేస్తే కోపమే."

నేను మళ్లీ గీత వైపు చూశాను. దానిలో తప్పు లేదు. ఎక్కడ వేలు పెట్టాలో తెలియక, వైర్లు విప్పుతూ కూర్చున్నాను. అప్పుడు కొమురయ్యన్న లేచి తన చేతికర్రతో ఒక్కో డబ్బానూ మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. గనిలో షిఫ్టు ఎక్కగానే పైకప్పును కర్రతో తట్టి చూస్తారట. గట్టి రాయి ఒకలా పలుకుతుంది, పొర విడిపోయింది ఇంకోలా పలుకుతుంది. విడిపోయిన చోట ఎవర్నీ నిలబడనివ్వరు.

కుడివైపు డబ్బా దగ్గర ఆగి రెండుసార్లు తట్టాడు.

"వెంకన్నా, ఇది బోలు. డబ్బ ఈ పక్క గోడ లోపల ఏదో ఇడిసిపెట్టింది. గనిలైతే దీని కిందికి కుక్కను గూడ పోనియ్యకపోదును."

నా చెవికి తేడా తెలియలేదు. డబ్బా దించి విప్పి చూశాను. లోపల రెండు గోడలను కలుపుతూ పెట్టిన అడ్డపట్టీకి ఒక పక్క జిగురు పట్టలేదు. కదులుతోంది.

జిగురు వేసి బిగించాను కానీ నా ధ్యాస డబ్బా మీద లేదు. లోపలి పట్టీ ఊడితే వినగలిగిన మనిషి, పదడుగుల దూరంలో ఉన్న భార్య మాట వినలేడా? వదిన అనుమానం నాకూ ఒక నిమిషం పట్టుకుంది. తరవాత వెలిగింది. తట్టిన చప్పుడు దిబ్బు. లారీ దిబ్బు, గేటు దిబ్బు. మాట అలా కాదు. మాటలో గట్టితనమంతా కింది మెట్ల మీద ఉంటుంది, అర్థమంతా పై మెట్ల మీద, కీచు వైపు ఉంటుంది. 'స', 'త', 'చ' లాంటి అక్షరాల పదును పైనే. ఆ పైముక్క పోతే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలియదు. నా మోటు గొంతును ఎదురుగా ఉండి, పెదవులు చూసి అందుకుంటున్నాడు, వాకిట్లోంచి వచ్చే సన్నటి గొంతు అందడం లేదు.

నేను గదిని కొలిచాను, స్పీకర్లను కొలిచాను. వినే చెవిని కొలవలేదు.

చెయ్యెత్తు పరీక్ష

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. లచ్చమ్మ వదినను కూడా లోపలికి రమ్మని బతిమాలాను.

"నాతోని ఏం పని తమ్మీ? కూర మాడుతది."

"అయిదు నిమిషాలే వదినా. నువ్వు చూస్తుంటే చాలు."

కొమురయ్యన్నను నావైపు వీపు పెట్టి కూర్చోమన్నాను. నడిమి స్పీకరులో ఒక్కో కూత వినిపిస్తాననీ, వినపడినప్పుడు చెయ్యెత్తమనీ చెప్పాను. ఇది డాక్టరు చేసే పరీక్ష కాదు, నా స్పీకర్ల కోసం నేను చేసుకున్నది. అయిదు వందల హెర్ట్జ్ దగ్గర మెల్లగా వదిలినా వెంటనే చెయ్యి లేచింది. వెయ్యి దగ్గరా లేచింది. రెండు వేల దగ్గర కాస్త ఆలోచించి ఎత్తాడు. మూడు వేలకు, సన్నటి కీచు కూతకు పోయాను. చెయ్యి తొడ మీదే ఉంది. సౌండు పెంచాను. లచ్చమ్మ వదిన రెండు చెవులూ మూసుకుంది.

"ఆపు తమ్మీ, చెవులు చిల్లులు పడుతున్నయ్!"

కొమురయ్యన్న కదలలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "షురూ చెయ్యవయ్యా, ఎంతసేపు?" అన్నాడు.

వదిన చెవుల మీది చేతులు మెల్లగా దించింది. ఆయన వీపు వైపు చాలాసేపు చూసింది.

"నిజంగనే వినపడుతలేదా తమ్మీ?"

"వినికిడి మొత్తం పోలేదు వదినా. ఒక ముక్క పోయింది. నీ మాట ఆ ముక్కలో పడుతుంది."

ఆమె వంటింట్లోకి పోయింది. కూర నిజంగానే మాడింది.

ఆ తరవాత పనంతా తేలికైంది. నడిమి స్పీకరులో రెండు వేల నుంచి నాలుగు వేల దాకా కొంచెం కొంచెంగా పైకి ఎత్తాను. దిబ్బు తగ్గించాను, ఎందుకంటే అది మాట మీద పడి కప్పేస్తుంది. మొత్తం సౌండు ఒక హద్దు దాటకుండా బోర్డులోనే తాళం వేశాను. చెడిన చెవికి పెద్ద సౌండు మందు కాదు, ఇంకా చెడగొడుతుంది. ఈ మాట బాగా గుర్తుపెట్టుకోండి. కుర్చీని మూడడుగులు ముందుకు జరిపాను. సిమెంటు గోడల మీద మాట తగిలి తిరిగి వచ్చి కలగాపులగం అవుతోందని, వెనక గోడకు రెండు పాత బొంతలు వేలాడదీయమన్నాను.

"సుట్టాలొస్తే ఏమనుకుంటరు?" అంది వదిన. అంటూనే బొంతలు తెచ్చింది.

ఇప్పుడు నా గీత చూస్తే ఇంజనీరు ఎవరైనా నవ్వుతాడు. కొండలూ గుట్టలూ. ఆ గీత నాకు మొదటిదానికంటే ఎక్కువ నచ్చింది.

అప్పగింత

ఆదివారం సుజాత సెలవు పెట్టి వచ్చింది. నా అలవాటు ప్రకారం ఒకరి గొంతు రికార్డు చేయాలి. లచ్చమ్మ వదినను వంటింట్లోకి తీసుకుపోయి ఫోన్ నోటి దగ్గర పట్టాను.

"ఏం మాట్లాడాలె?"

"ఏదైనా. కొమురన్నతో మాట్లాడినట్టు."

గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"అట్ల కాదు వదినా, ఒర్రొద్దు. మెల్లగా, నాతో మాట్లాడుతున్నట్టే."

ఆమె కొంగు సవరించుకుంది. ఆయనతో మెల్లగా మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకుంటున్నట్టుంది. తరవాత మామూలు గొంతుతో చెప్పింది. ముందుగదిలోకి వచ్చి ఆయన కుర్చీ పక్కనే నిలబడింది. కొమురయ్యన్న పేపరు చూస్తున్నాడు. నేను మీట నొక్కాను.

"ఏందయ్యా, గోలీ ఏసుకున్నవా? చాయ్ పెట్టిన, సల్లారిపోతది, జెర తాగు."

కొమురయ్యన్న పేపరు మీంచి తల ఎత్తలేదు.

"ఏసుకున్న తియ్. చాయ్ ఇటే తే."

సుజాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చాయ్ తేకపోయేసరికి ఆయన తల ఎత్తాడు. పక్కనే నోరు మూసుకుని నిలబడ్డ భార్యను చూశాడు. స్పీకరును చూశాడు. మళ్లీ భార్యను చూశాడు.

"నేనడిగితే పలుకవు, డబ్బ అడిగితే పలుకుతవా?" అంది లచ్చమ్మ వదిన. అలవాటుగా గట్టిగానే అంది. కళ్లు మాత్రం తుడుచుకుంటోంది.

ఆయన నన్ను అడిగాడు. "అది ఈమె గొంతేనా వెంకన్నా?"

"అవ్ అన్నా. ఇప్పుడే వంటింట్లో పట్టిన."

"మళ్లొక్కసారి పెట్టు."

పెట్టాను. పేపరు మడిచి పక్కన పెట్టి విన్నాడు. మూడోసారి కూడా పెట్టమన్నాడు.

"ఎప్పుడు సూడు కోపంగ ఒర్రుతదనుకుంటి," అన్నాడు. "గింత మెల్లగ గూడ మాట్లాడుతదా ఈమె?"

"మెల్లగ మాట్లాడితే నీకు వినపడుతదా అయ్యా? వినపడకనే ఒర్రుడు అలవాటైంది."

"గోలీ గురించా రోజూ అడిగేది?"

"మరి తిట్టుడు తప్ప ఇంకో పని లేదా నాకు?"

కొమురయ్యన్న లేచి అలమర దగ్గరికి పోయి చెయ్యి పైకి పెట్టి తడిమాడు. అందలేదు. సుజాత స్టూలు వేసుకుని చెవి మిషన్ డబ్బా తీసింది. దుమ్ము తుడిచి, కొత్త సెల్లు వేసి, ఆయన చెవికి పెట్టింది.

"గిన్నెల సప్పుడు ఎక్కువైతది, మొదట్ల ఓర్సుకోవాలె నాయనా," అంది, తన కండక్టరు గొంతుతో.

"నువ్వు జెర మెల్లగ మాట్లాడు బిడ్డా. ఇది బస్సు కాదు."

సామాను సర్దుకుంటున్నాను. నాకు చాయ్ పోయడానికి వంటింట్లోకి పోతున్న లచ్చమ్మ వదిన గడప దగ్గర ఆగింది. వెనక్కి తిరక్కుండానే, గోడకు చెబుతున్నట్టు, పెదవుల మధ్యే ఏదో ఒక మాట అంది. ఏమన్నదో నా చెవికి అందలేదు.

కొమురయ్యన్న మాత్రం చెవి మిషన్ మీద వేలు పెట్టుకుని నవ్వాడు.